రెండు భుజాల లొల్లి

మా పెద్దమ్మ పుష్పమ్మకు కంప్యూటర్ ఆన్ చేసుడు ఇప్పటికీ రాదు. అయినా ఆమె తల ఊపకపోతే త్రిస్సూర్‌ల ఒకామె, లిస్బన్‌ల ఒకాయన, ఇంకా నోరు తిరగని ఊర్లల్ల ముప్పై నలభై మంది పని ఆపుకొని కూసుంటరు. అది ఎట్లయిందో చెప్పాలంటే ముందుగాల వాన సంగతి చెప్పాలె.

గౌలిపురల మా ఇంటికి నాలుగిండ్ల అవతల పెద్దమ్మ ఇల్లు. ముందటి అర్రల కుట్టు మిషను, కత్తిరించే బల్ల, గోడకు అద్దం. అదే దుకాణం. ముప్పై ఏండ్ల సంది జాకెట్లు కుడ్తున్నది. "ఈ గల్లీల నువ్వు కుట్టిన జాకెట్ తొడగని ఆడమనిషే లేదు పుష్పమ్మా" అని ఎవరన్న పొగిడితే, "ఉన్నరు, ఇద్దరు" అని వాళ్ళ పేర్లు చెప్తది.

ఒక్కొక్కరికి ఒక్కొక్క పేపర్ కటింగ్ ఉండేది. పాత పేపరు మీద జాకెట్ ముక్కలు గీసి, కోసి, మూలకు స్కెచ్ పెన్నుతోని పేరు రాసి రేకు పెట్టెల దాచేది. నాలుగేండ్ల కింద వానకాలంల స్లాబు కారి నీళ్ళు సక్కగ ఆ పెట్టెలకే దిగినయి. మూడు వందల జాకెట్లు ముద్దయినయి. పెద్దమ్మ ఆ ముద్ద ముందట కూసొని ఒక్క మాట మాట్లాడలే. ఆమె మాట్లాడకుండ ఉండుడు మేమెవ్వరం అంతకుముందు చూడలే, అందుకే అందరం భయపడ్డం.

నేను అప్పటికి ఒక ఆఫీసుల సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసినదాంట్ల తప్పులు పట్టుడు నా నౌకరి.

"కొలతల బుక్కు బాగనే ఉంది గదా పెద్దమ్మా," అన్న. "కొలతలు చూసి నువ్వు ఎట్ల గీస్తవో నాకు చెప్పు. కంప్యూటర్ గీస్తది."

"కంప్యూటర్‌కు చంక తెలుస్తదా?" అన్నది.

తెలవదు. నేనే తెలుపాలె. పదిహేను రోజులు ఆమె చెప్పుడు, నేను రాసుడు. ఛాతీని నాలుగు భాగాలు చెయ్యి, ఒక ఇంచు కలుపు, చంక దగ్గర వేలు మందం లోపటికి తీయి. "ఎవరి వేలు?" అని నేను అడిగితే, "నా వేలు, ఇంకెవరిది?" అని కోపానికొచ్చేది. ఆఖరుకు ఎనిమిది కొలతలు కొడితే జాకెట్ ముక్కలు కాయితాల మీద అచ్చయ్యే ప్రోగ్రాం తయారైంది. కాయితాలు టేపుతోని అతికించి కోసుకునుడే. దానికి కత్తెర అని పేరు పెట్టిన.

దాన్ని ఇంటర్నెట్‌ల అందరికి కనవడేటట్టు పెట్టిన. లోకానికి మేలు చేద్దామని పెట్టిన అని చెప్పుకోవచ్చు గని, అసలు సంగతి ఏందంటే వేరే కంపెనీ ఇంటర్వ్యూల చూపెట్టుకుందామని. దానితోని ఒక షరతు కాయితం కూడ పెట్టిన. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్ళ అందరికి ఇయ్యాలె. దీన్నే ఓపెన్ సోర్స్ అంటరని పెద్దమ్మకు చెప్పిన.

"మన కోత ఎవరన్న ఎత్తుకపోతే?"

"ఎత్తుకపోవచ్చు పెద్దమ్మా. అందుకే పెట్టింది."

ఇంటి తలుపులు బార్లా తెరిచి పెండ్లికి పోయినోళ్ళను చూసినట్టు చూసింది నన్ను.

ఎనిమిది నెలలు ఎవ్వడు ఎత్తుకపోలే. ఆ ఇంటర్వ్యూల కూడ దాని గురించి ఎవ్వరు అడగలే. తర్వాత ఒకనాడు త్రిస్సూర్ నుంచి ఒకామె రాసింది. కత్తెర మస్తుగుంది గని, పొట్టిగున్నోళ్ళకు కొడితే భుజం జారుతున్నది, చూడున్రి అని.

"నా జాకెట్ భుజం జారుతదా!" అని లేచింది పెద్దమ్మ. ఆ రోజు ఇద్దరు కస్టమర్లు ఆమె ముఖం చూసి మళ్ళొస్తమని ఎల్లిపోయిన్రు. సాయంత్రానికి కోపం దిగినాంక లైనింగ్ గుడ్డ ముక్కతోని ఆ కొలతలకు కుట్టి, పక్కింటి పొట్టామెకు తొడిగి చూసింది. జారింది. పెద్దమ్మ సూదులు నోట్ల పెట్టుకొని చానసేపు చూసి, "నాకు తెలుసు," అన్నది. "ఎవరన్న పట్టుకుంటరా లేదా అని చూస్తున్న."

అప్పటి సంది ఒక రివాజు వడ్డది. ఎవరు ఏ మార్పు పంపినా పెద్దమ్మ ముక్క గుడ్డ మీద కుట్టి చూడాలె. కుదిరితేనే కత్తెరల కలుపుడు. ఇది నేను ఇంగ్లీషుల రాసి పెట్టిన. నెమ్మదిగ ప్రతి మార్పు కింద ఒక డబ్బా పెట్టుకున్నరు వాళ్ళే: "పుష్పమ్మ కుట్టిందా?" అని. కుట్టినాంక అండ్ల టిక్కు పెడుదురు.

మనుషులు పెరిగిన్రు. ఒకామె కుండ మెడ పంపింది, ఒకరు బోటు మెడ పంపిన్రు. లిస్బన్ ఆయన భార్య కూచిపూడి నేర్చుకుంటదట, ఆమెకు జాకెట్ కుట్టవోయి దీంట్ల ఇరుక్కున్నడు. ఆయన ఇంచులు తీసి సెంటీమీటర్లు పెట్టుమన్నడు. పెద్దమ్మ మూడు వారాలు ఒప్పుకోలే. "ఇంచు అంటే ఇంత, చేతికి తెలుస్తది. సెంటీమీటర్ అంటే ఏంది, గోరంత. గోర్లు లెక్కపెట్టుకుంట కూసుంటనా?" అన్నది. ఆఖరుకు రెండూ పెట్టినం. ఇప్పుడు ఆమె టేపు తిప్పి సెంటీమీటర్ల దిక్కు చూస్తది, ఎవరు చూడనప్పుడు.

గిట్ల నడుస్తుంటే వేణుగోపాల్ వచ్చిండు.

ఆయన మొదటి ఉత్తరంల పద్నాలుగు పాయింట్లు ఉండె, నంబర్లేసి. సర్కారు ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌ల ముప్పై నాలుగేండ్లు నక్షాలు గీసి రిటైరయిండట. మొదటి పాయింటు: చంక కొలతను నేను మూడు జాగల్ల మూడు పేర్లతోని రాసిన. నిజమే. ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకునే నాకు సిగ్గయింది. ఆయన పద్నాలుగూ సరిచేసి పంపిండు. అన్నీ కుదిరినయి. "పద్ధతిగల మనిషి," అన్నది పెద్దమ్మ.

వారం తర్వాత పదిహేనో పాయింటు వచ్చింది. కత్తెర ఒక్క భుజం కొలతే అడుగుతున్నది, కుడి ఎడమ వేరువేరుగ అడగాలె, ముక్కలు కూడ రెండు దిక్కుల వేరుగ గీయాలె అని.

పెద్దమ్మ నవ్వింది. "బట్టను మడత వెట్టి కోస్తం. ఒక దిక్కు గీస్తే రెండు దిక్కులొస్తయి. దేవుడు మనిషికి రెండు భుజాలు ఒక్క తీరుగనే ఇచ్చిండు. రాయి ఆయనకు. ఆ ముసలాయనకు ఏం పని లేదా?"

నేను ఎప్పుడు ఆమె మాటలను కడిగి, ఉతికి, ఇంగ్లీషుల ఆరేసేదాన్ని. ఆ పొద్దు మెట్రోల నిలవడి ఉన్న, ఆమె చెప్పినప్పుడు ఫోన్ల తెలుగుల రాసుకున్నదే తొందరల అట్లనే పంపిన. అరగంటకు జవాబు వచ్చింది, తెలుగుల.

"అమ్మా, నమస్కారం. నాది మలక్‌పేట. ముసలాయననే, ఒప్పుకుంట. పని లేక రాస్తలేను, పని ఉండే రాస్తున్న."

ఆ పని ఏందో ఆయన చెప్పలే. మేము అడగలే. పెద్దమ్మ ఒక్క నిమిషం తబ్బిబ్బయి, మళ్ళ బిగుసుకున్నది. ముసలాయన అన్నందుకు ఆమెకు సిగ్గయింది, సిగ్గయినందుకు ఇంకింత మొండికేసింది. నెల రోజులు ఆయన పాయింట్లు రాసుడు, ఈమె వద్దనుడు. ఒకనాడు ఆయన, "మంచిదమ్మా. నేను విడిగ చేసుకుంట," అని రాసి, కత్తెర మొత్తం నకలు తీసుకపోయి జోడు కత్తెర అని వేరే పెట్టుకున్నడు.

"దొంగతనం!" అన్నది పెద్దమ్మ.

"కాదు పెద్దమ్మా. ఎవరైనా తీసుకపోవచ్చని నేనే రాసిచ్చిన గదా. ఇది వేరు పడుడు అసొంటిది."

"వేరు పడెటోళ్ళు అన్నం గిన్నెలు పంచుకొని పోతరు. వీడు మొత్తం వంటిల్లే ఎత్తుకపోయిండు."

"మన వంటిల్లు మనకుంది. ఆయనది ఆయనకుంది. అదే దీని సంగతి."

ఆమెకు అది నచ్చలే. రెండు రోజులు నాతోని మాట్లాడలే. మూడో రోజు దోశలు పంపింది, దోశలతోని ఒక హుకుం: "ఆయన దుకాణంల ఏం నడుస్తుందో చూసి చెప్పు."

అప్పటి సంది రోజూ గదే. నేను ఆఫీసు నుంచి రాంగనే చెప్పాలె. జోడు కత్తెరల ఇరవై మంది చేరిన్రు. నలభై అయిన్రు. త్రిస్సూర్ ఆమె కూడ అటు పోయిందని నేను చెప్పిన నాడు పెద్దమ్మ హుక్కులు కుడ్తుండె. ఒక్క జాకెట్‌కు ఎనిమిది కుట్టాలె, పదకొండు కుట్టింది. మా కత్తెరకు మార్పులు వచ్చుడు తగ్గినయి. బల్ల కింద ముక్క గుడ్డలు పేరుకపోయినయి. "మంచిగైంది, నాకు ఫికర్ తగ్గింది," అన్నది గని, పొద్దున్నే ఫోన్ల ఏమన్న వచ్చిందా అని అడుగుడు ఆపలే.

దసరా ముందట రుక్మాబాయి వచ్చింది. మీరాలంమండిల ఆకుకూరలు అమ్ముతది. ఇరవై ఏండ్లు గంప ఎడమ భుజం మీద మోసి మోసి ఆ దిక్కు కిందికి జారింది. నేను శనివారం ఖాళీగ ఉండి బల్ల పక్కన చాయ్ తాగుతున్న. పెద్దమ్మ ఆమెకు పైపైన కచ్చ కుట్టేసిన జాకెట్ తొడిగి, మాట్లాడుకుంటనే ఎడమ భుజం మీద అర ఇంచు పట్టి పిన్ను పెట్టింది. చంక కింద ఇంకో పిన్ను.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?"

"కనవడ్తలేదా? ఎడమ దిక్కు జారింది. అర ఇంచు తీస్తున్న."

"మరి మడత?"

ఆమె చెయ్యి ఆగింది. రుక్మాబాయి అద్దంల మా ఇద్దరిని చూసింది.

"ఇది చేతిపని," అన్నది పెద్దమ్మ. "ఇది కంప్యూటర్ల పెట్టేది గాదు. చూపుతోని చేసేది."

"గిట్ల ఎంతమందికి చేస్తవ్?"

చెప్దామని నోరు తెరిచి, ఆలోచన చేసింది. రుక్మాబాయి ఎల్లిపోయినాంక కూడ ఆలోచన చేస్తనే ఉంది. కొలతల బుక్కు తీసింది, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టుకుంట పోయింది. ఈమె బడి పిల్లల బుక్కుల సంచి మోసిన టీచరమ్మ, కుడి. ఈమె చంటిపిల్లను ఎత్తుకుంటది, ఎడమ. ఈమెకు పుట్టుకతోనే. ఈమె సెల్లు చెవికి ఆనించి వంట చేస్తది.

"అందరికీ," అన్నది ఆఖరుకు. "బిడ్డా, నేను మడత మీద కోస్తున్న గని, ఏ ఒక్కదాన్నీ మడత మీద కుట్టలే. సమానంగ ఉన్నది షోకేసుల బొమ్మొక్కతే."

ఇన్నేండ్ల సంది పిన్నులు పెడ్తున్న సంగతి ఆమె నాకు చెప్పలే. దాచింది కాదు. అది చెప్పే సంగతి అని ఆమెకు తోచలే. నేను అడగలే. చెప్పింది చెప్పినట్టు రాసిన.

"ఆ సారుకు రాయి," అన్నది.

"తప్పయిందనా?"

"అట్ల ఎందుకు రాస్తవ్? నీ జోడు కత్తెరతోని కుట్టిన జాకెట్ ఒకటి పట్టుకొని రమ్మని రాయి. కుట్టు చూడకుండ నేను దేనికీ ఒప్పుకోనని ఆయనకు తెలుసు."

ఆదివారం పదకొండింటికి వేణుగోపాల్ సారు వచ్చిండు. సన్నగ, పొడుగ్గ, జేబుల మూడు పెన్నులు, ఒక ఆరించుల స్టీలు స్కేలు. ఆటో నుంచి ముందుగాల ఆయన దిగి, చెయ్యి పట్టుకొని భార్యను దించిండు. ఆమె పేరు నాగమణమ్మ. ఎడమ చెయ్యి ఛాతీకి ఆనించి పెట్టుకున్నది. మూడేండ్ల కింద పక్షవాతం వచ్చిందట. కాలు కొంత కుదిరింది, చెయ్యి కుదురలే. భుజం కిందికి దిగి లోపటికి తిరిగింది.

"జాకెట్ ఏది సారూ?" అన్నది పెద్దమ్మ.

"ఆమె తొడుక్కున్నది."

పెద్దమ్మ చూసింది. నాగమణమ్మనే నెమ్మదిగ చెప్పింది. "ఎవరి దగ్గరికి పోయినా ఆ చెయ్యి ఎందుకట్లయింది, ఎప్పుడయింది, ఏ డాక్టర్ దగ్గర చూపెట్టిన్రు అని అడుగుడే. చెప్పి చెప్పి యాష్టకొచ్చి, ఇగ నేను నైటీలే తొడుక్కుంట అన్న. అప్పుడు ఈయన మిషను కొనుక్కొచ్చుకున్నడు."

పని ఉండే రాస్తున్న అన్న మాట నాకు అప్పుడు సమజైంది. పెద్దమ్మకు కూడ అయ్యుంటది. కానీ ఆమె ఏమీ అడగలే. ఏ చెయ్యి, ఎందుకు, ఎప్పుడు, ఒక్క ముక్క అడగలే. "కూసో అక్కా," అని కుర్చీ వేసి, ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. భుజం మీద కుట్టు పట్టి చూసింది. చంక కింద చెయ్యి పోనిచ్చింది. సారు ఊపిరి బిగబట్టి నిలవడ్డడు, పరీక్ష హాల్ల పోరని లెక్క.

"భుజం మస్తుగ కూసుంది సారూ," అన్నది. "నేను పిన్నులతోని చేసినా ఇంత సాఫుగ రాదు."

సారు ముఖం వెలిగింది.

"కానీ జాకెట్ చేతులు తిరగేసి పెట్టిన్రు."

"ఏందీ?"

"చెయ్యికి ముందు వెనుక ఉంటది సారూ. ముందు దిక్కు లోతు ఎక్కువుండాలె. మీరు కుడి చెయ్యి ఎడమకు, ఎడమది కుడికి పెట్టిన్రు."

"మిషను కొన్న సంది చెప్తున్న," అన్నది నాగమణమ్మ. "ఏదో గుంజుతున్నదయ్యా అని. లెక్క కరెక్టుగనే ఉంది అంటడు. గుంజుడు నా భ్రమనట."

సారు స్టీలు స్కేలు తీసిండు, మళ్ళ జేబుల పెట్టిండు. పెద్దమ్మ నవ్వు ఆపుకోవాలని కొంగు అడ్డం పెట్టుకున్నది. నాగమణమ్మ మాత్రం ఆపుకోలే. ఆమె నవ్వితే మాకందరికి నవ్వొచ్చింది, ఆఖరుకు సారుకు కూడ. పెద్దమ్మ లోపటి అర్రల ఆమెకు వేరే జాకెట్ తొడిగిచ్చి, ఆ జాకెట్ చేతులు ఊడదీసి, గంటసేపట్ల మళ్ళ పెట్టింది. అంతల సారు కొలతల బుక్కు ముందటేసుకొని పిన్నుల సంగతి ఒక్కొక్కటి అడిగి రాసుకున్నడు. రుక్మాబాయికి ఎంత, టీచరమ్మకు ఎంత. "చూపుతోని చేస్తనయ్యా, లెక్క ఏడుంటది" అంటనే పెద్దమ్మ పద్దెనిమిది మందికి లెక్క చెప్పింది.

రెండు కత్తెరలు మళ్ళ ఒక్కటయ్యేటందుకు రెండు నెలలు పట్టింది. కలుపుడు అంత అల్కగ కాలే. ఆయన పేర్లు మార్చిన జాగల నేను వేరే మార్చిన, ఈ దిక్కు సరిచేసింది ఆ దిక్కు చెడగొట్టింది. మీటర్ల కొద్ది లైనింగ్ గుడ్డ ఖతమైంది. త్రిస్సూర్ ఆమె రెండు ఇండ్ల మధ్యల పెద్దమనిషి తీరుగ తిరిగింది. పేరు దగ్గర మళ్ళ లొల్లి లేసింది. జోడు అనేది ఉండాలని ఆయన, ఏ కత్తెరకైనా కోసే అలుగులు జోడుగనే ఉంటయి, మళ్ళ చెప్పుడెందుకని ఈమె. పెద్దమ్మ మాటే నెగ్గింది. దానికి బదులు, సారు రాసిన నలభై పేజీల నియమావళి మొత్తం పెట్టినం. అది ఇప్పటికీ ఎవ్వరు పూర్తిగ చదవలే. సారు మాత్రం దాన్ని నెలకోసారి సరిచేస్తడు.

సారు, నాగమణమ్మ ఆదివారాలు రావట్టిన్రు. సారు, పెద్దమ్మ బల్లకు చెరో దిక్కు నిలవడి గీతల మీద కొట్లాడుదురు. నాగమణమ్మ కుర్చీల కూసొని ఇనేది. ఒకనాడు ఉన్నట్టుండి, "జాకెట్‌కు జేబు పెట్టున్రి," అన్నది.

"జాకెట్‌కు జేబేంది?" అన్నరు ఇద్దరు ఒక్కసారే. ఆరు నెలలల్ల వాళ్ళు వెంటనే ఒప్పుకున్న మాట అదొక్కటే.

"నాకున్నది ఒక్క చెయ్యి. దాంట్ల కర్ర పట్టుకోవాలె, సెల్లు పట్టుకోవాలె, తాళంచెవి పట్టుకోవాలె. లోపటి దిక్కు ఎడమ పక్కకు చిన్న జేబు ఉంటే కుడి చెయ్యికి అందుతది."

"షేపు చెడిపోతదక్కా," అన్నది పెద్దమ్మ.

"నియమావళిల లేదు," అన్నడు సారు.

నేను ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపిన. వారం రోజులల్ల ముప్పై ఆరు మంది కింద రాసిన్రు, మాకు కూడ కావాలె, మాకు కూడ కావాలె అని. లిస్బన్ ఆయన భార్య స్టేజీ మీదికి పోయేటప్పుడు గది తాళంచెవి ఏడ పెట్టుకోవాలె అని రెండు పేరాలు రాసింది. పెద్దమ్మ గొణుక్కుంటనే కుట్టి చూసింది. మొదటిది ఉబ్బింది. రెండోది వేలాడింది. మూడోదాంట్ల సెల్లు పెడితే మెడ కిందికి గుంజింది. నాలుగోది కుదిరింది. టిక్కు పెట్టుమన్నది.

సారు దాని కోసం నియమావళిల కొత్త అధ్యాయం రాసిండు: సెల్ ఫోన్ జేబు, దాని కొలతలు, బరువు ఎంత దాటొద్దు, ఏ కంపెనీ ఫోన్లు పడ్తయి. బొమ్మ కావాలని నన్ను ఫోటో తీయమన్నడు. నాగమణమ్మ కొంగు పక్కకు జరిపి, కుడి చేత్తోని జేబు అంచు పట్టి చూపెట్టింది. నేను ఫోన్ దగ్గర పెట్టి చూసిన. జేబు నిండుగ ఉంది.

"సెల్లు ఏది నాగమణమ్మా?"

ఆమె మొగుని దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "సెల్లు ఇంట్ల ఉంది. ఈ జేబుల సోంపు పొట్లం పెట్టుకున్న."